ఆరాధన అంటే పాటల టైమ్ ఒక్కటేనా? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ఈసారి గుంటూరు, విజయవాడ వైపు నుంచి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ ఎక్కువగా ఆరాధన గురించే ఉన్నాయి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి వీటికే చోటిస్తున్నాం. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు.

ప్రశ్న: వందనాలండి. మాది గుంటూరు బ్రాడీపేట, స్కూల్లో లెక్కలు చెప్తాను, సంఘ పెద్దల్లో ఒకణ్ణి. ఆరాధనకి బైబిల్లో ఉన్న పునాది ఏంటో సంఘానికి నేర్పమని మా పాస్టరు అయ్యగారు నాకు అప్పజెప్పారు, ఆరు ఆదివారాలు, ఆరాధనకి ముందు అరగంట చొప్పున. డిగ్రీలు చదివినవాళ్ళూ ఉన్నారు, మిర్చి యార్డు పనికెళ్ళే, చదవడం రాని అక్కలూ ఉన్నారు. యవ్వనస్థులైతే కీబోర్డు, డ్రమ్స్ మోగే ఆ ముప్పావుగంటే ఆరాధన అనుకుంటున్నారు, వాక్యం మొదలవగానే ఫోన్లు బయటికొస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మాస్టారూ, వందనాలు. మీ అయ్యగారు మంచి పని అప్పజెప్పారు. దయచేసి "ఆరాధన అనగానేమి" అని బోర్డు మీద నిర్వచనం రాసి మాత్రం మొదలుపెట్టకండి, చదవడం రాని అక్కలు ఆ నిమిషంలోనే మీకు దూరమైపోతారు.

మొదటి వారం ఒకే ఒక్క ప్రశ్న అడగండి. పోయిన ఆదివారం గుమ్మంలో చెప్పులు విప్పిన దగ్గర్నుంచి దీవెన అయ్యి బయటికొచ్చేదాకా మనం ఏమేం చేశాం? వాళ్ళనే చెప్పనివ్వండి. ప్రార్థన, పాట, పాపాల ఒప్పుకోలు, వాక్యం చదవడం, ప్రసంగం, కానుక, బల్ల (ప్రభువు రాత్రి భోజనం), సాక్ష్యాలు, ప్రకటనలు, దీవెన, అన్నీ వస్తాయి, ఒకరు మర్చిపోయింది ఇంకొకరు చెప్తారు. అప్పుడు అడగండి, ఇందులో దేవుడు మనతో మాట్లాడేవి ఏవి, మనం దేవుడితో మాట్లాడేవి ఏవి, ఒకరికొకరం చేసుకునేవి ఏవి అని. సమాధానం మీరు చెప్పొద్దు, ఒక వారం వాళ్ళ మనసులో తిరగనివ్వండి. నాకు తెలిసి చాలా సంఘాల్లో ఈ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు, అడిగితే మాత్రం పిల్లలు కూడా ఫోన్ పక్కన పెట్టి ఆలోచిస్తారు.

రెండో వారం నిర్గమకాండం తెరవండి. ఆరు వారాల్లో మీరు చెప్పాల్సిన ముఖ్యమైన విషయం ఒక్కటే అనుకుంటే అది ఇక్కడే ఉంది. 14వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలు జనాన్ని సముద్రంలోంచి దాటించాడు, 15వ అధ్యాయంలో వాళ్ళు పాడారు. ముందు విడుదల, తర్వాత పాట. పాడినందుకు సముద్రం పాయలవ్వలేదు, సముద్రం పాయలైంది కాబట్టి పాడారు, మోషే అక్క మిర్యాము తంబుర పట్టుకుంది. 20వ అధ్యాయంలో పది ఆజ్ఞలు కూడా అంతే, "చెయ్యి, చెయ్యొద్దు" అనే ముందు దేవుడు నేనెవర్ని, మిమ్మల్ని ఏ దాస్యంలోంచి తీసుకొచ్చాను అని చెప్తాడు. 24వ అధ్యాయం కూడా తప్పకుండా చదివించండి, చాలామంది దాటేసి వెళ్ళిపోతారు దాన్ని. మోషే నిబంధన గ్రంథాన్ని జనానికి వినిపించాడు, జనం "చేస్తాం" అన్నారు, రక్తం చల్లాడు, తర్వాత పెద్దలు కొండెక్కి దేవుడి సన్నిధిలో తిని తాగారు. వాక్యం, జవాబు, రక్తం, భోజనం. మన ఆదివారం బల్ల దగ్గరికి వచ్చినప్పుడు ఈ అధ్యాయం గుర్తొస్తే ఎంత బావుంటుందో చూడండి. ఆరాధనని ఫోన్ కాల్ అనుకుంటే ముందు ఫోన్ చేసింది ఆయనే, మనం ఎత్తి మాట్లాడుతున్నాం, అంతే, ఈ క్రమం తలకిందులైతే పాటలు గట్టిగా పాడి దేవుణ్ణి దింపాలి అన్న ఆలోచన వచ్చేస్తుంది, మన ఊళ్ళల్లో కొన్ని కూడికల్లో కనబడేది సరిగ్గా అదే, నాకు దాంతోనే బాధ.

మూడో వారం బంగారు దూడ. ఇది విగ్రహాల గురించిన పాఠం, మనకి సంబంధం లేదులే అనుకుని వదిలెయ్యకండి, నిర్గమ 32 నెమ్మదిగా చదవండి. దూడని చేసిన తర్వాత మోషే అన్న అహరోను ఏమని చాటించాడు? రేపు యెహోవాకి పండుగ అన్నాడు! వేరే దేవుడి పేరు చెప్పలేదు. పొద్దున్నే లేచారు, దహనబలులు అర్పించారు, సమాధానబలులు తెచ్చారు, చూస్తే అన్నీ ఆరాధనలాగే ఉన్నాయి. కొండ దిగుతున్న యెహోషువ చెవికి అది యుద్ధం చప్పుడులా వినబడితే, మోషే, కాదు, పాటల శబ్దం అది అన్నాడు. పేరు యెహోవాదే, అర్పణలున్నాయి, పాటలున్నాయి, జనం ఉత్సాహంగా ఉన్నారు, అయినా దేవుడికి కోపమొచ్చింది, ఎందుకంటే తమకి నచ్చినట్టు తమ చేత్తో చేసుకున్న దేవుడి ముందు వాళ్ళు ఆడుతున్నారు. అదే టైమ్‌లో కొండమీద దేవుడు మోషేకి తన గుడారం ఎలా కట్టాలో వివరంగా చెప్తున్నాడు, 25 నుంచి 31 దాకా అధ్యాయాలు అవే. ఒకపక్క దేవుడు తన సన్నిధికి జనం ఎలా రావాలో చెప్తుంటే ఇంకోపక్క కింద జనం ఆగలేకపోయారు. అక్కలకి ఇంకో మాట చెప్పండి, దూడ కోసం చెవిపోగులు తీసిచ్చిన ఆ జనమే 35వ అధ్యాయంలో గుడారం కోసం పోగులు, ఉంగరాలు సంతోషంగా తీసుకొచ్చారు, చివరికి చాలు, ఇంక తేవద్దు అని మోషే చాటింపు వేయించాల్సి వచ్చింది. దేవుడు వాళ్ళని తోసెయ్యలేదు. ఇది చెప్పకుండా క్లాసు ముగించొద్దు, దూడ దగ్గర ఆపేస్తే భయం మాత్రమే మిగులుతుంది.

నాలుగో వారం ప్రవక్తలు. ఆమోసు 5, యెషయా 1. మీ పాటల ధ్వని నా దగ్గర్నుంచి తీసెయ్యండి అంటాడు దేవుడు, "నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి" అంటాడు. దీని మీద మీరు పెద్దగా వివరించక్కర్లేదు, చదివితే చాలు. యార్డులో సీజన్‌లో తొడిమలు తీసి తీసి చేతులు మండుతున్న అక్క ఒకామె ఆ అరగంటలో ముందు వరసలో కూర్చుని ఉంటుంది, ఆమెకి కూలి సరిగ్గా ముట్టిందా లేదా అన్నది కూడా మన ఆరాధనలో భాగమే అని ఆమోసు చెప్తున్నాడు. ఆమెకి కూలి ఇచ్చేవాళ్ళు కూడా మీ సంఘంలోనే ఉంటే వాళ్ళకీ అర్థమవుతుంది.

ఐదో వారం యోహాను 4, బావి దగ్గర సమరయ స్త్రీ. ఆమె అడిగింది స్థలం గురించి, మా పితరులు ఈ కొండమీద ఆరాధించారు, మీరు యెరూషలేము అంటున్నారు అని. యేసు ప్రభువు కొండా యెరూషలేమూ రెండూ దాటించి "ఆత్మతోను సత్యముతోను" అన్నాడు. దీన్ని చాలామంది మనసులో ఫీలింగ్ ఉంటే చాలు అన్నట్టు చెప్తారు, నేను ఒప్పుకోను. ఆమె జీవితం మొత్తం తెలిసినవాడు ఆమె ఎదురుగా ఉండి, నీతో మాట్లాడుతున్న నేనే ఆ మెస్సీయని అన్నాడు, సత్యం అక్కడుంది. ఆమె కుండ వదిలేసి ఊళ్ళోకి వెళ్ళింది, ఆ కుండ సంగతి పిల్లలకి బాగా గుర్తుంటుంది.

ఆరో వారం అపొస్తలుల కార్యములు 2:42. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. మొదటి వారం వాళ్ళు చెప్పిన లిస్ట్ తీసి దీని పక్కన పెట్టండి. టైమ్ ఉంటే బైబిల్ తర్వాతి కాలం ముచ్చట కూడా ఒకటి చెప్పండి. సుమారు క్రీ.శ. 150 ప్రాంతంలో జస్టిన్ అనే విశ్వాసి, తర్వాత విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడు, రోమా చక్రవర్తికి రాసుకున్న విజ్ఞాపనలో క్రైస్తవులు ఆదివారం ఏం చేస్తారో చెప్పాడు. పట్టణాల్లోవాళ్ళూ పల్లెల్లోవాళ్ళూ ఒకచోట చేరతారు, అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో టైమ్ ఉన్నంతసేపు చదువుతారు, నడిపించేవాడు బుద్ధి చెప్తాడు, అందరూ లేచి ప్రార్థిస్తారు, రొట్టె, ద్రాక్షారసం తెస్తారు, జనం ఆమేన్ అంటారు, రాలేకపోయినవాళ్ళకి పరిచారకులు ఇంటికి పట్టుకెళ్తారు, కానుక అనాథలకి, విధవరాళ్ళకి, రోగులకి, జైల్లో ఉన్నవాళ్ళకి, పరదేశులకి వెళ్తుంది. అప్పట్లో దొరికిపోతే ప్రాణాలు పోయే రోజులు, అయినా వాక్యం చదవడం "టైమ్ ఉన్నంతసేపు"! ఈ జస్టిన్ పుట్టింది సమరయ ప్రాంతంలోనే, ఐదో వారం మీరు చెప్పిన ఆ బావికి దగ్గర్లోనే. ఆ స్త్రీ కొండ గురించి అడిగిన ప్రాంతంలో పుట్టినవాడు వంద సంవత్సరాలు దాటాక రోమ్‌లో కూర్చుని ఆదివారం ఆరాధన గురించి రాశాడంటే నాకైతే ఒళ్ళు పులకరిస్తుంది.

చదవడం రానివాళ్ళ గురించి బెంగ పెట్టుకోకండి. మన సంఘాల్లో పెద్దమ్మలకి 23వ కీర్తన, 103వ కీర్తన నోటికొచ్చు, పాత కీర్తనలు రాగంతో సహా గుర్తుంటాయి. ప్రతి వారం ఒక వచనం వాళ్ళచేత చెప్పించండి, పిల్లలు వాళ్ళ దగ్గర నేర్చుకుంటారు.

ప్రశ్న: అయ్యగారూ, నేను గుంటూరులో లూథరన్ కుటుంబంలో పెరిగాను, పెళ్ళయి విజయవాడ పటమట వచ్చాను. అత్తగారివాళ్ళది పెంతెకొస్తు సంఘం. మా ఇంట్లో పుస్తకంలో ఉన్న ఆరాధన క్రమం చదివేవాళ్ళం, ఇక్కడ చేతులెత్తి, గట్టిగా, అందరూ ఒకేసారి ప్రార్థిస్తారు. మా ఆయన "పుస్తకం చూసి చదివేది ప్రార్థనే కాదు" అంటారు, మా నాన్నేమో ఇక్కడికొచ్చి చూసి "ఇది గోల" అన్నారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. బైబిల్ ప్రకారం ఏది కరెక్ట్?

జవాబు: అమ్మా, మీ ఇబ్బంది అర్థమైంది, మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో ఉందో ఇది. అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు గుంటూరు వచ్చింది 1842లో, అంటే మీ నాన్నగారి ఆరాధన క్రమం వెనక ఈ నేలమీదే నూట ఎనభై ఏళ్ళకి పైగా నడిచిన ప్రార్థన ఉంది. దాన్ని చచ్చిన అలవాటు అనడం న్యాయం కాదు.

మీవారికి రెండు చోట్లు చూపించండి, వాదించొద్దు, చదివించండి చాలు. సిలువమీద ప్రభువు "నా దేవా నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్నాడు కదా, అది 22వ కీర్తన మొదటి మాట, ఎప్పుడో రాసిపెట్టిన ప్రార్థన. అపొస్తలుల కార్యములు 4లో బెదిరింపులు ఎదుర్కొని వచ్చిన శిష్యులు ఏకమనసుతో ప్రార్థించినప్పుడు 2వ కీర్తన ఎత్తి ప్రార్థించారు, ప్రార్థించాక వాళ్ళున్న చోటు కంపించింది, పరిశుద్ధాత్మతో నిండిపోయారు. రాసిన మాటలకీ ఆత్మకీ పొత్తు కుదరదు అనడానికి ఇంకేం మిగిలింది చెప్పండి?

మీ నాన్నగారికి నెహెమ్యా 8 చూపించండి. నీటి గుమ్మం ముందు మైదానంలో కర్రతో చేసిన పీఠం మీద యాజకుడైన ఎజ్రా నిలబడి గ్రంథం విప్పగానే జనమంతా లేచి నిలబడ్డారు, చేతులెత్తి ఆమేన్ ఆమేన్ అన్నారు, తలలు వంచి నేలకి సాగిలపడ్డారు. నిలబడటం, చేతులెత్తడం, గట్టిగా ఆమేన్, సాగిలపడటం, అన్నీ రెండు వచనాల్లోనే ఉన్నాయి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వాక్యం చదివారు, లేవీయులు జనం మధ్యలో నిలబడి అర్థం చెప్పారు, జనం ఏడ్చారు, అప్పుడు నాయకులు ఇవాళ ఏడవొద్దు, వెళ్ళి మంచి భోజనం చెయ్యండి, లేనివాళ్ళకి పంపించండి అన్నారు. ఇంత కదలిక, ఇంత శబ్దం ఉంది, కానీ అంతా తెరిచిన గ్రంథం చుట్టూనే నడిచింది.

అందుకని నేను చూసేది ఒకటే. చేతులెత్తారా, పుస్తకం పట్టుకున్నారా అని కాదు, వాక్యం వినబడిందా, జనానికి అర్థమైందా అని. కొరింథు సంఘానికి పౌలు రాసింది కూడా ఇదే, నువ్వు చెప్పేది అర్థం కాకపోతే పక్కవాడు ఆమేన్ ఎలా అంటాడు అని. "సమస్తమును మర్యాదగాను క్రమముగాను జరుగనియ్యుడి" అన్న అదే అధ్యాయంలో ఒకడికి కీర్తన, ఒకడికి బోధ ఉంటుంది అని కూడా ఉంది. అత్తగారింట్లో చేతులెత్తి పాడండి, ఇంట్లో రాత్రిపూట మీకొచ్చిన ఆ పాత ప్రార్థనలు పిల్లలకి నేర్పండి. రెండూ మీవే.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు నీళ్ళు ఇంట్లోకి వచ్చి బీరువాలో బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు, మా ఆయన ఆటో అన్నీ మునిగిపోయాయి. మళ్ళీ కూడికలు మొదలైన దగ్గర్నుంచి అన్నీ విజయం పాటలే, నాకు నోరు పెగల్లేదు, ఏడుపొచ్చింది. ఒక సిస్టర్ "విశ్వాసం ఉంటే ఆరాధనలో ఏడవకూడదు" అన్నారు. అప్పట్నుంచీ పాటల టైమ్ అయ్యాకే లోపలికి వెళ్తున్నాను. తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ఆ సిస్టర్ మంచి మనసుతోనే అని ఉంటారు గానీ ఆ మాట బైబిల్లో లేదు. కీర్తనల గ్రంథం అంటేనే పాటల పుస్తకం, అందులో చాలా భాగం ఏడుపులే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన మొదలవుతుంది. 88వ కీర్తన చివరిదాకా వెళ్ళినా వెలుగు రాదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా అది సంఘం పాడుకోడానికి ఇచ్చిన పాటే. 69వ కీర్తన అయితే అచ్చం మీ వీధి గురించి రాసినట్టు ఉంటుంది, "దేవా, జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి నన్ను రక్షింపుము" అని. పిల్లల్లేని బాధతో హన్నా మందిరంలో ఏడుస్తుంటే యాజకుడైన ఏలీ తాగి ఉందనుకున్నాడు, దేవుడు మాత్రం విన్నాడు. లాజరు సమాధి దగ్గర ప్రభువు కూడా ఏడ్చాడు, ఇంకో నిమిషంలో లేపబోతున్నాడని తెలిసి కూడా.

ఈ మాట మీకోసం కాదు, పాటలు నడిపించేవాళ్ళ కోసం. వరదొచ్చి వెళ్ళిన వీధిలో సంఘం ఉన్నప్పుడు మొదటి పాటకి ముందు ఐదు నిమిషాలు 69వ కీర్తన ఒకళ్ళు చదవండి, కీబోర్డు ఆపి, ఊరికే ఉండండి. ఎవరినీ మైకు దగ్గరికి లాగి సాక్ష్యం చెప్పమనొద్దు. చాలా కీర్తనల్లో ఏడుపు తర్వాత నమ్మకం మాట వస్తుంది నిజమే, కానీ అది ఎప్పుడు రావాలో ఆ మనిషికీ దేవుడికీ వదిలెయ్యాలి. "ఏడ్చువారితో ఏడువుడి" అన్నారు పౌలు గారు, వాళ్ళని ఆపమనలేదు. మీరు మాత్రం బయట నిలబడొద్దమ్మా, మొదటి పాటకే వచ్చి కూర్చోండి, పాడలేకపోతే పక్కనున్నవాళ్ళు మీ బదులు పాడతారు, సంఘం ఉన్నది అందుకే.

ప్రశ్న: మా ఊరు గుంటూరు దగ్గర పల్లెటూరు. మందిరం కొత్తగా కట్టాక ముందు వరసలో మెత్తటి కుర్చీలు వేసి ఎక్కువ కానుక ఇచ్చినవాళ్ళ పేర్లు అంటించారు. కూలికెళ్ళి లేటుగా వచ్చే ముసలివాళ్ళు వెనక చాపల మీద. ఇది నాకు మింగుడు పడట్లేదు, అడిగితే "వాళ్ళవల్లే కదా మందిరం లేచింది" అంటున్నారు. నేనేమో ఇంటర్ చదువుతున్నాను, నా మాట ఎవరు వింటారు?

జవాబు: తమ్ముడూ, నీకు మింగుడు పడకపోవడం మంచిదే. యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకుని మంచి బట్టలేసుకుని వచ్చినవాడికి మంచి చోటు, బీదవాడికి కింద చోటు చూపించడం గురించి రాసి ఉంది, అది ఆరాధన కూడికలో సీటు గురించే. కొరింథులో అయితే ప్రభువు బల్ల దగ్గరే ఒకళ్ళు కడుపునిండా తింటుంటే ఇంకొకళ్ళు ఆకలితో ఉన్నారు, మీరు తింటున్నది ప్రభువు రాత్రి భోజనం కాదు అని పౌలు కుండబద్దలు కొట్టాడు. కానుక ఇవ్వడం గొప్పదే, కానీ ఆ కానుక దేవుడికిచ్చారు కదా, కుర్చీకి కాదు. పేర్లు తీసెయ్యాలన్నదే నా మాట, ఇందులో మధ్యేమార్గం నాకు కనబడట్లేదు.

నీ వయసులో దీన్ని సంఘం మధ్యలో లేచి అడిగితే గొడవవుతుంది, నువ్వు చెప్పింది పక్కకి పోయి నువ్వు మాట్లాడిన తీరే పెద్దదవుతుంది. ముందు నీ స్నేహితులు ఇద్దరు ముగ్గురిని తీసుకుని ఆదివారం పొద్దున్నే వెళ్ళి ఆ ముసలివాళ్ళకి కుర్చీలు వెయ్యండి, ముందు వరస కాకపోయినా ఫ్యాను కింద, వాక్యం వినబడే చోట. తర్వాత వారం మధ్యలో తీరిగ్గా ఉన్నప్పుడు అయ్యగారి ఇంటికి వెళ్ళి, అమ్మగారు కూడా ఉంటే ఇంకా మంచిది, యాకోబు 2లో మొదటి తొమ్మిది వచనాలు చదివి దీన్ని మన మందిరంలో ఎలా పాటించాలో చెప్పండయ్యగారూ అని అడుగు. ఆయన ఏమన్నారో మాకు రాయి.